పాము పాలు త్రాగునా?

లోకమున ననేక విషయములు ఒకరినుండి యొకరికి ప్రాకి, విచారణ లేకయే సత్యములుగా చెల్లుబాటగుచున్నవి. వానిలో పామును గూర్చినన్ని మఱి దేనిని గూర్చియు లేవని నాకు తోచును. మా గ్రామమున బాల్యమునుండి నేను వినుచువచ్చిన కొన్నిటి నిజానిజములను చదువరులకు మనవి చేయుచున్నాను.

నాగులచవితినాడు పుట్టలో పాలు పోయుట పెద్దల యాచారము. ఆ భక్తిని నేను తప్పుపట్టను. కాని పాలు పామున కాహారము గాదు. ఎలుకలు, కప్పలు, పక్షులు మొదలగు జీవములే దానికి భోజ్యములు. పాములవాని బుట్టలో దినములకొలది నీరు లేక మాడిన పాము దాహముచే పాలను ముట్టవచ్చును. అది ప్రీతి గాదు. పాము ఆవు పొదుగును కుడుచుననుటయు నట్టిదే. వాడిపండ్లు గలిగి, చీకుటకు పెదవులు లేని నోటి కది సాధ్యము గాదు.

నాగస్వరము విని త్రాచు తలయూచునందురు. పామునకు బయటి చెవులు లేవు. నేల యదురును, కొంతవరకు గాలిలోని మంద్రధ్వనిని అది గ్రహించును. అయినను దాని పడగ యూగుట పాటకు గాదు, ఎదుట కదలుచున్న బుఱ్ఱను కనిపెట్టుటకు. రెండుతలల పామునకు తల యొక్కటియే; తోక మొద్దుగా నుండుటచే మనకు భ్రమ కలుగుచున్నది.

ఈ నమ్మకములవలన నష్టము పాములకే గాని మనకు గాదు. మన ప్రాణములను దీయు నమ్మకము వేఱొకటి గలదు. పాముకాటునకు మంత్రమే మందని పలువురి విశ్వాసము. మా వీథిలో నొక కూలివాని భార్యను వరిచేనిలో రక్తపింజరి కరచెను. కాలికి త్రాడు బిగించి రాత్రియంతయు మంత్రము వేయించిరి. తెల్లవారి వైద్యశాలకు చేర్చునప్పటికి కాలము మించిపోయెను. ఆమె బిడ్డను నేడు అమ్మమ్మ పెంచుచున్నది.

మంత్రమునకు కీర్తి యెట్లు కలిగెను? పాములలో విషము లేనివే యెక్కువ. విషసర్పము సైతము ఒక్కొక్కసారి విష మెక్కింపకయే కరచును. అట్లు బ్రదికినవారందఱు మంత్రగానికి సాక్షులగుదురు. చనిపోయినవారు సాక్ష్య మియ్య రారు. అసత్యము బలపడుట కిదియే మూలము.

పూర్వము విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు ఏ పాము విషముగలదో, ఏది కాదో స్వయముగా పరీక్షించి, వాని తెలుగు పేర్లతోగూడ 1796లో గ్రంథము ప్రకటించెను. రక్తపింజరికి ఇంగ్లీషున ఆయన పేరే నిలిచినది. విన్నదానిని పరీక్షించు నట్టి బుద్ధి నేటికిని మనకు కావలసియున్నది. 2000 మొదలు 2019 వఱకు భారతదేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరని పరిశోధకుల యంచనా.

నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి యను నాలుగింటి విషమునకు విరుగుడు మందు గలదు. గుఱ్ఱములకు కొలదికొలదిగా విషమెక్కించి, వాని రక్తమునుండి దానిని తయారుచేయుదురు. కాటును కోయరాదు, నోట పీల్చరాదు, త్రాడు బిగింపరాదు. కాటుపడిన యవయవమును కదలనీయక, రోగికి ధైర్యము చెప్పుచు, తక్షణమే వైద్యశాలకు చేర్పవలెను.

పాము పాలు త్రాగునా యను ప్రశ్నకు తప్పు చెప్పినవానికి మార్కులు మాత్రమే పోవును. కాటునకు మంత్రమా, మందా యను ప్రశ్నకు తప్పు చెప్పిన యింట దీప మారిపోవును. సోదర విద్యార్థులారా! సెలవులలో ఇండ్లకు పోయినపుడు ఈ నాలుగు మాటలు మీ పెద్దలకు వినయముతో విన్నవింపుడు.