నాన్న సంతకం పెట్టగలిగినప్పుడే



నవంబరు వచ్చింది కాబట్టి ఈ నెల ఉత్తరం లైఫ్ సర్టిఫికెట్‌తో మొదలుపెడతాను. కేంద్ర ప్రభుత్వ పెన్షన్ అందుకునే పెద్దవాళ్లు తాము బతికే ఉన్నామని ఏటా ఈ నెలలో రుజువు చూపించాలి. ఎనభై నిండినవాళ్లయితే అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. రాష్ట్ర పెన్షనర్ల గడువులు వేరు, అవి ట్రెజరీలో కనుక్కోండి. పీఎఫ్ పెన్షన్ వాళ్లకు నెల పట్టింపు లేదు, ఎప్పుడిచ్చినా అక్కణ్నుంచి ఏడాది చెల్లుతుంది. 2014లో డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ పథకం జీవన్ ప్రమాణ్ మొదలైనప్పుడు వేలిముద్ర వేయించేవారు. ఏళ్ల తరబడి అంట్లు తోమిన చేతులకు, పొలం పని చేసిన చేతులకు వేలి గీతలు ఎక్కడ మిగులుతాయి? మిషన్ వద్దంటుంటే ఓ ముసలమ్మ చెయ్యి చీరకొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టడం మీరూ చూసే ఉంటారు. ఇప్పుడు ఫోన్ కెమెరాలో ముఖం చూపిస్తే చాలు. అదీ కుదరకపోతే కొద్ది రుసుముకు పోస్ట్‌మన్ ఇంటికొచ్చి చేసిపెడతాడు.

ఈ పనికోసం ఎలాగూ అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుంటారు. ఆధార్ బయటికి తీస్తారు, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరు కోసం బీరువా తెరుస్తారు. ఆ బీరువా మూసెయ్యకుండా ఇంకో గంట అక్కడే కూర్చోమని చెప్పడానికే ఈ ఉత్తరం.

పెద్దల సంరక్షణ గురించి మీ దగ్గర్నుంచి వచ్చే ఉత్తరాలు చాలావరకు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక రాసినవే. తుంటి ఎముక విరిగాక, పక్షవాతం వచ్చాక, నాన్న వీధి చివర దారి మర్చిపోయి నిలబడ్డాక. ఏ ఓల్డేజ్ హోమ్ మంచిది, ఏ పాలసీ మంచిది అని అడుగుతారు. అప్పటికి పాలసీ సంగతి ఆలస్యమైపోయి ఉంటుంది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి కూడా చేజారి ఉంటుంది: వాళ్ల సంతకం. మన దేశంలో తల్లిదండ్రుల డబ్బు, ఇల్లు, వైద్యం అన్నీ వాళ్ల సంతకం మీదే నడుస్తాయి. అది ఆగిపోయిన రోజున, కన్నబిడ్డలైనా సరే, బ్యాంకు కౌంటరు ముందు మనం పరాయివాళ్లమే.

"మాకేం భయం లేదండీ, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించుకున్నాం" అనే ధీమా చాలా ఇళ్లలో ఉంది. ఆ ధీమా పూర్తిగా నమ్మదగింది కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, అధికారం ఇచ్చిన మనిషి చనిపోయినా, మతిస్థిమితం కోల్పోయినా ఆ అధికారం రద్దవుతుంది. అంటే అల్జీమర్స్ ముదిరి మనకు ఆ కాగితంతో నిజంగా పని పడిన రోజునే అది చెల్లని కాగితం అవుతుంది. మనిషి తెలివి తప్పినా నిలిచి ఉండే అధికారపత్రాలు కొన్ని దేశాల చట్టాల్లో ఉన్నాయి. మన చట్టంలో ఆ ఏర్పాటు లేదు. అలాంటప్పుడు సంరక్షకులుగా నియమించమని కుటుంబాలు హైకోర్టు దాకా వెళ్లాల్సి వస్తోంది. నాన్న మందుల ఖర్చుకు నాన్న డిపాజిట్ తీసుకోవడానికి హైకోర్టు!

దీనికి ముందే చేసుకోదగ్గ పనులు చిన్నవి. నెలవారీ ఖర్చుకు సరిపడే మొత్తం ఉండే ఖాతా ఒకటి, ఇద్దరిలో ఎవరైనా నడిపేలా ఉమ్మడిగా తెరవడం. మొత్తం సొమ్ము అందులో పెట్టొద్దు. ఉమ్మడి ఖాతాదారు అంతా తీసేసుకున్నా బ్యాంకు అడ్డు చెప్పదు. నామినీ గడి ఖాళీగా ఉందేమో చూడటం ఇంకోటి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్‌కు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత వాటానో కూడా రాయొచ్చు. అయితే నామినీ ఆ డబ్బుకు యజమాని కాడు. తీసుకుని వారసులకు అప్పగించాల్సిన మనిషి. అన్నదమ్ముల మధ్య సగం గొడవలు ఈ సంగతి తెలియకే మొదలవుతాయి.

ఇక వీలునామా. దీనికి స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. రాసినవారి సంతకం, దాన్ని కళ్లారా చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, మన ఊళ్ల సంగతి తెలుసు కాబట్టి చేయించడమే మేలంటాను. వయసు బాగా మీదపడినవారైతే, తెలివితో ఉన్నారని అదే రోజు డాక్టరు చేత ఒక కాగితం రాయించుకుంటే రేపు కోర్టులో వేలెత్తి చూపడం కష్టమవుతుంది. ఆస్తి దక్కేవాళ్లు సాక్షులుగా ఉండకపోవడం మంచిది. వీలునామాను ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, ఆఖరిదే చెల్లుతుంది.

దానపత్రం అలా కాదు. రిజిస్టరయిన క్షణం నుంచి ఇల్లు చేయి మారిపోతుంది. "ఎలాగూ వాళ్లదేగా" అంటూ అమ్మానాన్నలు రాసిచ్చేస్తారు, రాసిచ్చాక సొంత ఇంట్లోనే అతిథులవుతారు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ ఇలాంటి దానాన్ని రద్దు చేసే దారి చూపిస్తుంది. పోషించాలనే షరతు మీద ఇచ్చారని తేలాల్సిందేనని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో అంది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో మాత్రం చట్టం వృద్ధుల మేలుకోసం పుట్టిందన్న దృష్టితోనే చూడాలంటూ తల్లి ఆస్తిని తల్లికే ఇప్పించింది. ఈ రెండు తీర్పుల మధ్య మన అదృష్టాన్ని పరీక్షించుకోవడం ఎందుకు? ఇవ్వాల్సిందే అయితే పోషణ షరతు, బతికున్నంతకాలం అనుభవ హక్కు పత్రంలోనే రాయించాలి. నా మటుకు నేను, బతికుండగా దానపత్రం వద్దే వద్దంటాను. ఆ మాట తల్లిదండ్రులు అనలేరు, మనసు ఒప్పదు. పిల్లలే అనాలి.

అదే చట్టం గురించి మరో రెండు ముక్కలు. పోషణ కోరే అర్జీని విచారించేది ఆర్డీవో స్థాయి అధికారి అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్. చట్టంలో రాసినదాన్ని బట్టి లాయర్లను పెట్టుకునే పద్ధతి అక్కడ లేదు. నోటీసు వెళ్లిన 90 రోజుల్లో తేల్చాలి. నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చు. కొడుకుతో పాటు కూతురికీ బాధ్యత ఉంది, పెద్దయిన మనవలకూ ఉంది. ఆడపిల్లకు వాటా ఇవ్వనప్పుడు గుర్తురాని సమానత్వం ఇక్కడ కొందరికి ఠక్కున గుర్తొస్తుంది, అది వేరే కథ.

ఆసుపత్రి ఖర్చుకు 70 నిండినవాళ్లందరికీ, ఆదాయంతో పనిలేకుండా, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29న మొదలైంది. ఆధార్ చూపించి తీసుకోవచ్చు. ఒంట్లో బాగున్నప్పుడే తీసి పెట్టండి. ప్రైవేటు పాలసీ కొనాలంటే 65 ఏళ్లు దాటారనే అడ్డు 2024 ఏప్రిల్ నుంచి లేదు. కాకపోతే ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వేచి ఉండాల్సి రావచ్చు, ప్రీమియమూ బరువే. పాత పద్ధతిలో ఆదాయపన్ను కట్టేవాళ్లు తల్లిదండ్రుల ప్రీమియం మీద 50,000 దాకా మినహాయింపు పొందవచ్చు. పాలసీ లేని పెద్దవాళ్ల వైద్య ఖర్చుకూ అది వర్తిస్తుంది.

అయితే ఈ కార్డులు, పాలసీలు అన్నీ ముఖ్యంగా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే. సంసారాన్ని తినేసేది డిశ్చార్జ్ తర్వాత మొదలయ్యే కాలం. డైపర్లు, ఫిజియోథెరపీ, గాలి పరుపు, రోజువారీ మాత్రలు, అన్నిటికన్నా ఎక్కువగా మనిషి.

ఆ మనిషి గురించి కాస్త ఎక్కువ రాస్తాను. హోమ్ కేర్ బ్యూరో నుంచి వచ్చే ఆయా వేరు, నర్సు వేరు. స్నానం చేయించడం, తినిపించడం, బట్టలు మార్చడం, పడక పుండ్లు పడకుండా రెండేసి గంటలకు పక్కకు తిప్పడం ఆయా పని. ఇంజెక్షను, యూరిన్ ట్యూబు ఆమె పని కాదు, ఆమె చేత చేయించకూడదు. పన్నెండు గంటల మనిషి కావాలో ఇరవై నాలుగు గంటల మనిషి కావాలో ముందే తేల్చుకోండి. ఇరవై నాలుగు గంటలంటే ఆవిడ నిద్రపోదని కాదు. రాత్రి నాలుగైదుసార్లు లేచే రోగికి ఒక్క మనిషి చాలదు. ఆధార్ నకలు, బ్యూరో రసీదు తీసుకోండి, బంగారం లాకర్‌లో పెట్టండి, వారానికో పూట సెలవివ్వండి. సెలవు లేని మనిషికి నెల తిరిగేసరికి విసుగొస్తుంది. ఆ విసుగు మన అమ్మ మీదే పడుతుంది.

జీతానికి వచ్చే మనిషి లేని ఇళ్లలో ఈ పనంతా చేసేది కోడలు, లేకపోతే పెళ్లికాని కూతురు, లేకపోతే అదే ఊళ్లో ఉండిపోయిన చిన్నకొడుకు. "మా కోడలు కూతురికన్నా ఎక్కువ" అని నలుగురిలో పొగుడుతారు. ఆ పొగడ్త ఆవిడ మానేసిన ఉద్యోగానికి జీతం ఇవ్వదు. డాలస్‌లో ఉన్న పెద్దాడు డబ్బు పంపుతాడు, దాంతో పాటు వీడియో కాల్‌లో సలహాలూ పంపుతాడు. డబ్బు అవసరమే. కానీ దూరాన ఉన్నవాళ్లు చేయగలిగిన పని ఇంకా చాలా ఉంది. ఇన్సూరెన్సు క్లెయిములు, కరెంటు, ఇంటి పన్ను బిల్లులు, మందుల ఆర్డరు, డాక్టరు అపాయింట్‌మెంటు అన్నీ అక్కణ్నుంచే చూడొచ్చు. సెలవు పెట్టి వచ్చినప్పుడు బంధువుల ఇళ్లన్నీ తిరిగే బదులు, చూసుకునే మనిషిని పుట్టింటికో యాత్రకో పంపి ఆ మంచం పక్కన తాను కూర్చోవచ్చు. ఇంటి ఖర్చుల లెక్కలో చూసుకునే మనిషి కష్టానికి కూడా ఒక పద్దు రాయమంటాను. వినడానికి మొరటుగా ఉంటుంది. రాయకపోతే పదేళ్ల తర్వాత పంపకాల రోజున అదే మాట మరింత మొరటుగా బయటికొస్తుంది.

వంతుల సంగతి మీకు తెలుసు. మూడు నెలలు పెద్దాడింట్లో, మూడు నెలలు చిన్నాడింట్లో. సంచి సర్దుకుని తిరిగే ఆ బతుకులో పెద్దవాళ్లకు తమదైన మంచం ఉండదు, తెలిసిన డాక్టరు ఉండడు. మతిమరుపు ఉన్నవాళ్లకైతే గది మారితే బాత్రూం ఎటుందో తెలియదు. దానికన్నా ఘోరం అమ్మ ఒకరికి, నాన్న ఒకరికి అని పంచుకోవడం. డెబ్భై ఐదేళ్లకు మొగుడూ పెళ్లాల్ని విడదీసే హక్కు ఏ పంచాయితీకీ లేదు. తిరిగితే పిల్లలే తిరగాలి, వాళ్లు కాదు.

బాత్రూం అన్నాను కాబట్టి: గోడకు గట్టి స్టీలు కడ్డీ, వెస్టర్న్ కమోడు, రాత్రంతా వెలిగే చిన్న బల్బు, గడియ బయట నుంచి కూడా తీయగలిగే తలుపు. పెద్ద ఖర్చేం కాదు, ఈ వారంలో చేయించండి.

ఇవన్నీ పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలని మీరడుగుతారు. "ఇప్పుడా మాటలెందుకురా, తథాస్తు దేవతలుంటారు" అని నాన్న లేచి వెళ్లిపోతాడు. ఒక ఉపాయం చెబుతాను. ముందు మీ కాగితాలు తీయండి. "నాన్నా, నా డిపాజిట్లకు నామినీ మారుస్తున్నాను, వీలునామా రాస్తున్నాను, సాక్షులుగా ఎవర్ని పెట్టుకోమంటావు?" అని సలహా అడగండి. పెద్దరికంతో మొదలయ్యే మాట ఆయన కాగితాల దాకా దానంతటదే వస్తుంది. వచ్చాక ఆస్తి దగ్గరే ఆగిపోవద్దు. ఏ ఊళ్లో ఉండాలనుంది, ఎవరింట్లో ఉండాలనుంది, ఆఖరి రోజుల్లో వెంటిలేటరు కావాలా వద్దా అని కూడా అడగండి. ప్రాణం నిలబెట్టే యంత్రాల గురించి ముందే తన ఇష్టాన్ని రాసిపెట్టుకునే హక్కును 2018లో సుప్రీంకోర్టు గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం ఉంటే చాలు. ఒక నకలు ఇంటి డాక్టరు దగ్గర ఉంచండి. ఐసీయూ తలుపు బయట అన్నదమ్ములు వాదులాడుకోవాల్సిన పని తప్పుతుంది. ఆయన చెప్పింది మీకు నచ్చకపోయినా, రాసుకోవాల్సింది ఆయన మాటే.

చివరగా రెండు నంబర్లు. వృద్ధుల సహాయానికి 14567, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది. పెన్షన్, హోమ్‌లు, చట్టం, వేధింపులు, దేని గురించైనా అడగొచ్చు. ఫోన్లో బెదిరించి డబ్బు లాగేసిన మోసాలకు 1930, ఆలస్యం లేకుండా ఫోన్ చేయాలి. రెండూ మీ ఫోన్లో కాదు, అమ్మానాన్నల ఫోన్లో పెద్దక్షరాలతో పేరు పెట్టి దాచండి.

వచ్చే నెల ఆయాల జీతాలు, బ్యూరోల ఒప్పందాల గురించే రాద్దామనుకుంటున్నాను. మీ ఊళ్లో ఎంత ఇస్తున్నారో, ఏ షరతులు పెడుతున్నారో రాసి పంపండి. ఆయాలుగా పనిచేస్తున్నవాళ్లు మీలో గానీ, మీ ఇళ్లలో గానీ ఉంటే వాళ్ల చేత కూడా నాలుగు ముక్కలు రాయించండి.

ఉంటాను.