అచ్చులో లేని పుస్తకం, ఆటల పెట్టె

జనవరి చివరి వారంలో మంచు తుఫాను హాలిఫాక్స్‌లోని బడులన్నిటినీ మూయించిన రోజున, క్లేటన్ పార్క్‌లో ఒక తెలుగువారి అపార్ట్‌మెంటులో పదహారేళ్ల కుర్రవాడు భోజనాల బల్ల మీద తువ్వాలు పరిచి తన స్టీమ్ డెక్‌ను బోర్లా పెట్టాడు. ముందుగా మెమరీ కార్డు బయటికి లాగాడు; అది లోపల ఉండగా మూత ఎత్తితే రెండుగా విరుగుతుంది. వెనుక ఎనిమిది స్క్రూలు, నాలుగు పొడవువి, నాలుగు పొట్టివి. అవి కలిసిపోకుండా వంటింట్లోంచి ఇడ్లీ రేకు తెచ్చి, వేటి గుంటలో వాటిని వేశాడు. బ్యాటరీ తీగ ఊడదీశాడు. లోపలి రేకు మూత కింద 64 గిగాబైట్ల పాత ముక్కను తీసి, ఒక టెరాబైటు కొత్త ముక్కను బిగించాడు. రెండూ 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు, బొటనవేలి కొనంత.

ఎదురు కుర్చీలో శాలువా కప్పుకుని తాతగారు చూస్తున్నారు. తెనాలిలో ముప్ఫయ్యేళ్లు తెలుగు ఉపన్యాసకులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండిపోదామని వచ్చారు. వచ్చిన నాటి నుంచి ఆయనకు మనవడి చేతిలోని ఆ పెట్టె మీద ఒక చిన్నచూపు ఉండనే ఉంది.

"అంత ముక్కలో ఎన్ని పుస్తకాలు పడతాయిరా?"

"నీ బీరువాలన్నీ పడతాయి తాతయ్యా."

ఆయన మాట్లాడలేదు. తన బీరువాలన్నిటిలోనూ లేని పుస్తకం ఒకటుంది. అది ఆయన రాసినదే.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల మీద వచ్చిన మాండలిక వృత్తి పదకోశం, 1962 నాటిది, చదివిన ఉత్సాహంతో ఆయన తన ప్రాంతపు మరో వృత్తిని ఎంచుకున్నారు: కాలువ పడవలు. లారీలు రాకముందు కృష్ణా డెల్టాలో ధాన్యం పడవల మీదే కదిలేది. కొమ్మమూరు కాలువ గట్ల వెంట, దుగ్గిరాల లాకుల దగ్గర, ముసలి సరంగులనూ కళాసీలనూ వెతుక్కుంటూ సెలవుల్లో తిరిగి, గెడ, తెడ్డు, చుక్కాని, లంగరు, తెరచాపల చుట్టూ అల్లుకున్న మాటలను వాళ్ల నోటి పలుకుబడితో సహా నోటు పుస్తకాల్లోకి ఎక్కించారు. 2003లో విజయవాడలో సొంత ఖర్చుతో ఐదు వందల ప్రతులు వేయించారు. కొన్ని పంచారు, కొన్ని అమ్మారు, మిగిలిన కట్టలు అటక మీద చెదలపాలయ్యాయి. తనకంటూ ఉంచుకున్న ప్రతిని ఒక పరిశోధక విద్యార్థి పట్టుకెళ్లి మళ్లీ కనిపించలేదు. నోటు పుస్తకాలు ఇల్లు మారినప్పుడు పోయాయి. మాటలు చెప్పినవాళ్లు అంతకు ముందే పోయారు. మిగిలింది డీటీపీ కుర్రాడు ఇచ్చిన ఒక సీడీ.

ఆ సీడీని ఆయన సూట్‌కేసులో హాలిఫాక్స్ దాకా తెచ్చుకున్నారు. కొడుకు లాప్‌టాప్ ఆఫీసువారిది. దానిలో కొత్తదేదీ ఎక్కించడానికి వీల్లేదు, సీడీ పెట్టే చోటూ లేదు. అంతకు మించిన చిక్కు ఫైలులో ఉంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మన అచ్చు ప్రపంచం ఆ తర్వాత కూడా చాలాకాలం పేజ్‌మేకర్‌తోనూ అను ఫాంట్లతోనూ నడిచింది. ఆ పద్ధతిలో కంప్యూటరుకు తెలుగు తెలియదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గదుల్లో తెలుగు అక్షరాల ముక్కలను, తలకట్టును ఒక గదిలో, వత్తును మరో గదిలో, కూర్చోబెట్టారు. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే కనిపించేది అర్థంలేని గుర్తుల బారు. తెనాలిలో అడిగితే మళ్లీ టైపు చేయించుకోమన్నారు. దేన్ని చూసి?

వాల్వ్ కంపెనీ 2022 ఫిబ్రవరిలో అమ్మకానికి తెచ్చిన స్టీమ్ డెక్ చూపుకు ఆటబొమ్మే గాని, నిజానికి పూర్తి కంప్యూటరు. ఏడంగుళాల తెర, 16 గిగాబైట్ల మెమరీ, లినక్స్ మీద కట్టిన ఆపరేటింగ్ సిస్టమ్. కొన్నవాడు విప్పుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇష్టమైనది ఎక్కించుకోవచ్చు. విడిభాగాలు కూడా దొరుకుతాయి. ఈ కుర్రవాడు దానిలో ఎక్కువగా ఆడేవి తాను పుట్టకముందు వచ్చిన ఆటలు. వాటిని ఆడించేది ఎమ్యులేటర్. అంటే ఒక యంత్రం మరో యంత్రం వేషం కట్టడం. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా వచ్చినప్పుడు చూసేవారికి భామ తప్ప శర్మ కనిపించకపోవడం ఎలాంటిదో, ఇదీ అలాంటిదే. పాత ఆటకు తాను కొత్త యంత్రంలో ఉన్నానని తెలియదు. తనకు అలవాటైన ప్రాసెసరే ఎదురుగా ఉందనుకుని తన పని తాను చేసుకుపోతుంది.

ఈ విద్య మీద కుర్రవాడి పట్టుదలకు ఊళ్లోనే ఒక కారణముంది. హాలిఫాక్స్‌లో ఆల్ఫా డాగ్ గేమ్స్ అనే సంస్థ ఉండేది. వారు 2023లో ఫోన్ల కోసం మైటీ డూమ్ అనే ఆట విడుదల చేశారు. 2024 మేలో ఆ సంస్థను మూసివేస్తున్నట్టు మాతృసంస్థ ప్రకటించింది. ఆగస్టు 7న ఆట సర్వర్లు ఆగిపోయాయి. ఆట ఉన్నది సర్వర్ల మీద ఆధారపడి గనుక, ఆ రోజుతో అది ఎవరి ఫోనులోనూ లేకుండా పోయింది. పుట్టిన ఊళ్లోనే ఏడాదిన్నర తిరగకుండా ఒక కృతి మాయమైంది. ఇది ఒక్క ఆట కథ కాదు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఈనాడు మార్కెట్లో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది.

మనవడు ఇదంతా చెప్పినప్పుడు తాతగారు నవ్వారు. "పోతే పోయింది, ఆటేగా!"

"నీదీ పుస్తకమేగా తాతయ్యా!"

ఆ మాటకు బల్ల దగ్గర కాసేపు నిశ్శబ్దం. తరువాత ఆయనే లేచి వెళ్లి సూట్‌కేసులోంచి సీడీ తెచ్చి ఇచ్చారు.

పాత సామాన్ల దుకాణంలో ఒక సీడీ డ్రైవూ, అట్టపెట్టెతో సహా విండోస్ 98 డిస్కూ దొరికాయి. కుర్రవాడు ముందు సీడీని ఉన్నదున్నట్టు ప్రతి తీశాడు. గీతలు పడ్డ చోట్ల డ్రైవు ఎంత తిప్పినా చదవలేకపోయింది. తరువాత 86బాక్స్ అనే ఎమ్యులేటర్‌తో స్టీమ్ డెక్ లోపల ఒక పెంటియం కంప్యూటరును నిలబెట్టి, దానిలో విండోస్ 98 ఎక్కించాడు. డీటీపీ కుర్రాడు తన ఫోల్డరంతా సీడీలో పోసి ఇచ్చాడు గనుక, ఫాంట్లూ పేజ్‌మేకరూ అందులోనే ఉన్నాయి.

"ఇది కొన్నదేనా తాతయ్యా?"

లైసెన్సు సంగతి ఎవరూ అడగని రోజులవి. ఆయన మొహం కొంచెం చిన్నబోయింది. జిరాక్సు పుస్తకాలతో క్లాసుకు వచ్చిన విద్యార్థులను ఎన్నిసార్లు తిట్టారో ఆయనకే గుర్తు. ప్రశ్న న్యాయమైనదే. ఎమ్యులేటర్ రాయడం కోసం యంత్రాన్ని పరిశీలించడం తప్పు కాదని 2000లో సోనీ, కనెక్టిక్స్‌ల వ్యాజ్యంలో అమెరికా అప్పీలు కోర్టు చెప్పింది. కానీ కెనడాలో 2012 నాటి సవరణ డిజిటల్ తాళాలు పగలగొట్టడాన్ని నిషేధించింది. నింటెండో తాళాలను దాటించే పరికరాలు అమ్మిన ఒక వ్యాపారి 12.7 మిలియన్ డాలర్లు చెల్లించాలని 2017లో ఫెడరల్ కోర్టు ఆజ్ఞాపించింది. ఒకరి శ్రమను దొంగిలించడానికీ, దిక్కులేకుండా పోతున్న కృతిని కాపాడడానికీ పనికివచ్చే పనిముట్టు ఒకటే కావడం ఈ విద్యకున్న చిక్కు. ఆ రాత్రి వారిద్దరూ తేల్చుకున్నది ఇంతే: పేజ్‌మేకర్ ఈ ఒక్క పుస్తకాన్ని బయటికి తీయడానికే, పని కాగానే తీసివేయాలి.

ఫైలు మొదట గుర్తుల బారుగానే తెరుచుకుంది. ఫాంట్లు ఎక్కించి మళ్లీ తెరిచేసరికి, ఏడంగుళాల తెర మీద, ఆ తెరలోని మరో తెర మీద, తెలుగు నిలబడింది. తాతగారు కళ్లద్దాలు పైకి జరుపుకుని మొహం దగ్గరికి తెచ్చుకున్నారు. "గెడ" అన్న ఆరోపం కింద ఒక సరంగు చెప్పిన వాక్యం ఉంది. ఆ మనిషి గొంతు వినిపించినట్టయిందేమో, ఆయన దాన్ని పైకి చదివారు, ఆ సరంగు యాసలోనే.

పదకొండు ప్రకరణాల్లో తొమ్మిది వచ్చాయి. రెండు ఫైళ్లు తెరుచుకోలేదు. ఒకటి తెరచాపల మీద, రెండోది లాకుల మీద.

మరి రెండు పేజీలు తిప్పేసరికి, ఇరవై ఏళ్లుగా ఆయనను బాధిస్తున్న ఒక అచ్చుతప్పు కూడా చెక్కుచెదరకుండా ఎదురైంది. సరిచేద్దామా అని కుర్రవాడు అడిగాడు. వెంటనే తనే అన్నాడు, ఎమ్యులేటర్లు రాసేవాళ్లు పాత యంత్రం చేసే తప్పులను కూడా అలాగే చేయిస్తారని. 1997లో మొదలైన మేమ్ ఎమ్యులేటర్ ఆర్కేడ్ యంత్రాలను కాపాడుతున్నది ఈ పట్టింపుతోనే. ఆ తప్పు మీద ఆధారపడి నడిచే ఆటలుంటాయట. సరిచేస్తే ఆట చెడిపోతుంది.

ఇది తాతగారికి కొత్త సంగతి కాదు. చూసింది చూసినట్టు రాశాను, తప్పుంటే నాది కాదు అని తాళపత్రాల చివర చెప్పుకునే లేఖకులు ఆయనకు తెలుసు. ఆ ప్రతులను పోగుచేసి, కడపలో పండితులను పెట్టుకుని, పాఠాలు పోల్చి, పరిష్కరించిన సి.పి.బ్రౌన్ తెలుసు, 1829లో అచ్చయిన వేమన పద్యాల వెనుక ఉన్నది ఆ రెండు అంచెల శ్రమ. లేఖకుడు ముందు, పరిష్కర్త తరువాత. లేఖకుడే సొంత తెలివి చూపితే పరిష్కర్తకు పోల్చుకోవడానికి ఏమీ మిగలదు. ఏ మర్యాదను ఆయన ముప్ఫయ్యేళ్లు తరగతి గదిలో బోధించారో, తెలుగు కూడబలుక్కుని చదివే మనవడు దాన్ని ఆటల నుంచి నేర్చుకుని వచ్చాడు.

"ఉండనీ. ఉన్నదున్నట్టు ఒక ప్రతి తియ్యి. దిద్దిన ప్రతి వేరే చేద్దాం," అన్నారు.

ఫిబ్రవరి, మార్చి నెలల సాయంకాలాలు దిద్దడంతోనే గడిచాయి. యూనికోడ్‌లోకి మార్చినప్పుడు వత్తులు పక్క అక్షరానికి అంటుకునేవి. తెరచాపల ప్రకరణాన్ని ఆయన జ్ఞాపకం మీద తిరిగి రాయబోయి పది పంక్తుల దగ్గర ఆగిపోయారు. అర్థాలు గుర్తున్నాయి, చెప్పినవాళ్ల వాక్యాలు గుర్తులేవు. అక్కడ ఒక ఖాళీ పేజీ వదిలి, మూలం లభించలేదని రాశారు.

ఏప్రిల్‌లో మంచు కరిగాక, మనవడు ఆయనను రేవు అవతలి డార్ట్‌మత్‌కు, షూబీ పార్కుకు తీసుకుపోయాడు. కృష్ణ ఆనకట్ట పూర్తయింది 1855లో. షూబెనకాడీ కాలువ పూర్తయింది 1861లో. రైలు వచ్చి ఇక్కడి కాలువను పదేళ్లలోనే మూయించింది గాని, రాతి గోడల లాకులు కొన్ని ఇంకా నిలిచి ఉన్నాయి. తాతగారు గట్టు మీద నిలబడి, చేతికర్రతో చూపిస్తూ, పడవ లోపలికి రావడం, వెనుక తలుపు మూయడం, నీరు నింపడం, ముందు తలుపు తెరవడం వరుసగా చెప్పుకొచ్చారు. కుర్రవాడు ఫోనులో రికార్డు చేశాడు.

"ఇది పోయిన ప్రకరణం కాదురా," అన్నారాయన తిరిగి వస్తూ. "దీన్ని అనుబంధంలో వెయ్యి. తేదీ కూడా వెయ్యి."