కూర పేర్లు

2024 అక్టోబర్ 12. కుల్కచర్ల. దసరా.
నలుగురు కలిసి యాట కోసిండ్రు. మోదుగ ఆకుల మీద కుప్పలు. ప్రతి కుప్పలో ఇంత కార్జం, ఇంత బోటి, ఒక మూలుగ బొక్క. తక్కెడ లేదు. కళ్లే కొలత. పంచినాయన అందరి తర్వాత మిగిలిన కుప్ప తీసుకున్నాడు.
యాట నిఘంటువులో 'ఏట'. అక్కడ పొట్టేలు. మా ఊళ్లో మేకైనా యాటే.

అక్టోబర్ 13.
దుకాణం బోర్డు మీద 'మటన్'. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. మందలో ఉన్నంతకాలం దాని పేరు షీప్, పాత ఇంగ్లీషు. పళ్లెంలోకి వస్తే మటన్, ఏలినవాళ్ల ఫ్రెంచి. ఫ్రెంచిలో ఆ మాటకు అర్థం గొర్రే. ఇక్కడ మేకకూ అదే.
కొట్టే మొద్దు చింతది. నడుమ గుంత పడింది.

అక్టోబర్ 20. తాండూరు.
ఉర్దూలో బోటీ అంటే మాంసం ముక్క. మనకు పేగులు. ఒకే దుకాణం ముందు ఒక ముసలి సాయబు, నేను. ఇద్దరం 'బోటి' అనే అన్నాం. ఆయన సంచిలో ముక్కలు పడ్డాయి, నా సంచిలో పేగులు. కొట్టేటాయన తడబడలేదు.
పాయ, గుర్దా, ఖీమా. నిజాం పాలన 1948లో పోయింది. ఇవి పోలేదు.

అక్టోబర్ 27.
జింక గుండె, కార్జం, పేగులు, అన్నీ కలిపి ఒకప్పటి ఇంగ్లీషులో 'అంబుల్స్'. ఇప్పుడు వాడుకలో లేదు.
ప్లీహానికి మన మాట 'తిల్లి' ఈ ఏడు ఇద్దరి నోటనే విన్నాను. ఇద్దరూ ఎనభై దాటినవాళ్లు. దిగులేసింది.

నవంబర్ 3.
కార్తీకం. పక్కింటామె: "ఈ నెల మా ఇంట్ల కూర లేదు." చేతిలో పుంటికూర కట్ట.
పాలకూర, తోటకూర, చెంచలికూర. అన్నీ ఆకులే. ఒట్టి 'కూర' అంటే మాత్రం మాంసం.
పెద్దకూర అనేటప్పుడు కొందరు గొంతు తగ్గిస్తారు. తగ్గించొద్దని నాకుంటుంది. పెద్దేముల్‌లో పుట్టిన గోగు శ్యామల ఈ దిక్కు మాటలోనే కథలు రాశారు. మళ్లీ చదవాలి.

నవంబర్ 20.
ధారూరు క్రైస్తవ జాతర నుంచి వచ్చిన పెద్దాయన ఇంగ్లీషు బైబిలు చూపించారు. 1611 నాటి అనువాదం. లేవీయకాండం రెండో అధ్యాయం, 'మీట్ ఆఫరింగ్'. అందులో ఉన్నది పిండి, నూనె, సాంబ్రాణి. మాంసం లేదు. అప్పట్లో మీట్ అంటే తిండి, ఏదైనా సరే. తెలుగు బైబిల్లో నైవేద్యం.
అక్కడ తిండి మాంసమైంది. ఇక్కడ ఆకు.

నవంబర్ 24.
నాయినమ్మ ఒట్టితునకలు ఎండేసింది. ఉప్పు, పసుపు, తాడు. మబ్బు పట్టింది. మూడుసార్లు లోపలికి, మూడుసార్లు బయటికి.
అడిగి రాసుకున్నాను: కౌసు, నీసు, సియ్యలు, నల్ల. కౌసు నిఘంటువులో 'కవుచు'. నల్ల అంటే వండిన నెత్తురు.
"నెత్తురు ఎర్రగుంటది గద, నాయినమ్మా?"
"పొయ్యి మీదికి ఎక్కనియ్యి."
'నంజుడు' అని పాత కావ్యాల్లో మాంసానికి పేరు. అదీ అడిగాను.
"ఇనలే బిడ్డా."
జొన్నరొట్టె, తునకల కూర పెట్టింది. పళ్లెం అంచున ఉల్లిగడ్డ ముక్క వేసింది.
"నంజుకో."