వెలుగును లెక్కపెట్టే దువ్వెన

సోడియం దీపపు పసుపు వెలుగు సెకనుకు సుమారు 5 కోట్ల కోట్ల సార్లు కంపిస్తుంది. (కోట్ల కోట్లు అని రెండుసార్లు పొరపాటున అచ్చుపడలేదు సుమా!) నేను ఈ అంకెను నల్లబల్లమీద వ్రాసినప్పుడు ఒక కుర్రవాడు లేచి, "ఇన్నిటినీ ఎవరు లెక్కపెట్టారండీ?" అని అడిగాడు. "ఎవరూ లెక్కపెట్టలేదురా, కొలిచారు," అన్నాను. వాడి ముఖం చూస్తే తృప్తి పడినట్టు లేదు.

కొలవటం అంటే ఏమిటో చెబుతాను. విజయవాడ నుంచి నూజివీడు వెళ్లే దారిలో ఆగిరిపల్లి ఉన్నది. 1909లో అక్కడ పుట్టిన సూరి భగవంతంగారు 1928లో కలకత్తా వెళ్లి, సి.వి. రామన్‌గారి దగ్గర చేరారు. పదార్థంలో చెదిరిన వెలుగు పౌనఃపున్యం, అంటే సెకనుకు ఎన్ని కంపనాలన్న సంఖ్య, ఎంత మారిందో తేల్చటమే అక్కడి పని. పట్టకంతో వెలుగును విడదీసి, ఫోటో పలకమీద పడిన గీతల మధ్య దూరం కొలిచి, గణితం వేసేవారు. దానితో ఎన్నో గొప్ప సంగతులు బయటపడ్డాయి. అయినా ధాన్యం బస్తాను తూచటం వేరు, గింజలు లెక్కించటం వేరు.

గింజలు లెక్కించే ఉపాయం నూజివీడు వీణలు చేసేవారికి బాగా తెలుసు. ఒక తీగ సెకనుకు 200 సార్లు, మరొకటి 203 సార్లు కంపిస్తున్నాయనుకోండి. రెంటినీ ఒకేసారి మీటితే నాదం ఊయలలాగా పెరుగుతూ తరుగుతూ వినిపిస్తుంది. ఆ ఊపు సెకనుకు సరిగ్గా 3 సార్లు. వీటినే విస్పందనాలంటారు. 200ను చెవి లెక్కపెట్టలేదు. 3ను ఎవరైనా లెక్కపెడతారు!

వెలుగుకూ ఇదే ఉపాయం. జర్మనీలో థియోడోర్ హెన్ష్, అమెరికాలో జాన్ హాల్ సమాన ఎడంలో లక్షల పౌనఃపున్యాలున్న లేజరు వెలుగును, దువ్వెన పళ్లలాగా, పనిలోకి తెచ్చారు. ఈ కృషికే 2005లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం వారిద్దరికీ వచ్చింది. పరమాణు గడియారం సాయంతో ప్రతి పంటి లెక్కా ముందే తెలుసుకుంటారు. కొత్త వెలుగును దాని దగ్గరి పంటితో కలిపి, విస్పందనాలను యంత్రంతో లెక్కిస్తారు. ఆ పన్ను ఎన్నవదో? అది పాత పద్ధతి కొలతే చెబుతుంది.

మొదట ఈ దువ్వెనకు పెద్ద బల్ల నిండా పరికరాలు కావలసివచ్చేవి. 2007లో జర్మనీలోని గార్షింగ్‌లో, మాక్స్ ప్లాంక్ సంస్థవారు వెంట్రుక మందమంత గాజు వలయంలో నుంచి దువ్వెనను పుట్టించారు. ఆ గాజు మన కృష్ణ ఇసుకలో ఉండే సిలికాయే. సిలికాన్ పలకమీద సన్నని సిలికా బిళ్ల చేసి, దాని అంచును లేజరుతో కరిగిస్తారు. కరిగిన గాజు తామరాకుమీది నీటిబొట్టులాగా తనంతట తానే గుండ్రంగా, నునుపుగా సర్దుకుంటుంది. ఆ నునుపు ఎంతో అవసరం. అంచు గరుకైతే వెలుగు బయటికి పోతుంది. నునుపైతే లోపలే వేలు, లక్షల సార్లు తిరిగి దట్టమవుతుంది. అప్పుడు ఆ గాజులోనే కొత్త పౌనఃపున్యాలు పుడతాయి.

ఇందులో ఒక చిక్కున్నది. వలయం చిన్నదైనకొద్దీ పళ్లు ఎడమవుతాయి. వెంట్రుకంత వలయంలో పంటికీ పంటికీ తేడా సెకనుకు లక్ష కోట్ల దాకా ఉంటుంది. మన లెక్కింపు యంత్రాలేమో కొన్ని వేల కోట్ల దగ్గరే చేతులెత్తేస్తాయి. అందుకని ఒకటి రెండు మిల్లీమీటర్ల వలయాలు కూడా చేస్తున్నారు.