నాన్నగారి ఆయాసం

నిరుడు కార్తీకమాసంలో నాన్నగారికి ఆయాసం పట్టుకున్నది. పడుకుంటే ఊపిరాడక రాత్రంతా మంచం మీద కూర్చునే ఉండేవారు. ఉబ్బసమని మేమే తీర్మానించి, నెల రోజులు మిరియాల కషాయం త్రాగించాము. కాళ్ళు వాస్తే వయస్సనుకున్నాము.

చివరకు డాక్టరుగారు రక్తం తీయించి ఎన్.టి. ప్రో బి.ఎన్.పి. అనే పరీక్ష చేయించారు. గుండె గోడలు బరువుకు సాగినప్పుడు ఈ పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయట. దీని జాతి పదార్థాన్ని 1988లో జపాను శాస్త్రజ్ఞులు మొదట పంది మెదడులో కనుగొన్నారు. పేరులోని 'బి' ఆ మెదడే. అసలు పుట్టిల్లు మాత్రం గుండె! హఠాత్తుగా ఆయాసం వచ్చినవారికి మిల్లీలీటరుకు 300 పికోగ్రాముల లోపుంటే గుండె వైఫల్యం దాదాపు లేనట్లే. నాన్నగారికి 4,000 దాటింది.

అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. "అంకె ఒక్కటే చూడకండమ్మా! వయస్సు, మూత్రపిండాల జబ్బు దాన్ని పెంచుతాయి, స్థూలకాయం తగ్గిస్తుంది. ఎకో కూడా తీద్దాం" అన్నారు డాక్టరుగారు. ఎకోలోనూ గుండె బలహీనతే తేలింది.

నీరు తీసే మాత్రలు వచ్చాయి, ఆవకాయ జాడీ అటకెక్కింది. ఆ జాడీ విషయంలో నాన్నగారి అలక ఇంకా తీరలేదు. మూడు నెలలకు అంకె 1,100కు దిగింది. ఇప్పుడు ఒక్క దిండుతో నిద్రపోతున్నారు. ఆ కషాయాల నెల గురించి మాత్రం మమ్మల్ని ఒక్క మాటా అనలేదు.