తోడు అరిగి ‘తో’ అయింది

ముప్ఫై ఏళ్లకు పైగా బళ్లో పిల్లల చేత విభక్తులు వల్లె వేయించాను. ఊపిరి బిగబట్టి ఒక్క గుక్కలో అప్పజెప్పేసి, హమ్మయ్య అని కూర్చునేవాళ్లు. తృతీయా విభక్తిలో ‘తోడన్, తోన్’ అని పక్కపక్కనే వస్తాయి చూడండి, నిజానికి ఆ రెండూ ఒకటే. ‘తోడు’ అనే నిండు మాట జనం నోళ్లలో నలిగి నలిగి ‘తో’గా మిగిలింది. ‘అన్నతో వచ్చాడు’ అంటే అన్న తోడుగా వచ్చాడనే. ‘చేత’లోనూ చెయ్యి దాక్కుని ఉంది.

అచ్చం ఇలాంటి కథే ఐరోపా ఉత్తరపు కొసన ఉన్న భాషల్లో కూడా నడిచింది. ఉద్యోగం మీద మా అబ్బాయి కుటుంబంతో ఫిన్లాండు వెళ్లాక నాకు వాటితో పరిచయమైంది. ఫిన్నిష్‌లో విభక్తులు 15. హెల్సింకిలో ఓడెక్కితే రెండు గంటల్లో ఎస్టోనియా. అక్కడి భాష ఫిన్నిష్‌కు చెల్లెలి వరస, దానికి 14. మనకున్నవాటికే పిల్లలు బెదిరిపోతారు, వాళ్ల సంగతేమిటో!

అక్కడా ప్రత్యయాలు మాట చివరే అతుక్కుంటాయి. ఇలాంటి పోలికలు చూసే కాబోలు, 1856లో వచ్చిన తన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో రాబర్ట్ కాల్డ్వెల్ ఆ భాషలకూ మన భాషలకూ చుట్టరికం కలపబోయాడు. ఇప్పటి పండితుల్లో చాలామంది ఒప్పుకోరు. చుట్టరికం లేకపోతేనేం, నడక కలిసింది.

ఫిన్నిష్‌లో ‘కన్స’ అంటే జనం. వెనకటి రోజుల్లో గుంపు, సావాసం అనే అర్థం కూడా ఉండేది. ‘సావాసంలో’ అని చెప్పే ‘కన్సస్స’ అనే రూపం కుదించుకుపోయి ‘కన్‌స్స’ అయింది. దానికిప్పుడు అర్థం ‘తో’. మనకు తోడు, వాళ్లకు జనం! ఫిన్నిష్‌లో అది ఇంకా విడి మాటగానే నిలబడింది. ఎస్టోనియన్‌లో మరీ అరిగి ఒక్క ‘గ’ మిగిలింది, ముందు మాటకు అంటుకుపోయింది.

ఈ ‘గ’ కొత్తగా వచ్చి చేరిందని ఎలా చెప్పగలం? దానికి మా మనవడి తెలుగు అక్కరకొచ్చింది. వాడు ఓసారి ఫోన్లో, ‘‘తాతయ్యా, మేం పెద్దలో ఇంట్లో ఉన్నాం’’ అన్నాడు. కోడలు పక్కనుంచి నవ్వుతూ, ‘‘చూడండి మావయ్యగారూ, వీడి తెలుగు!’’ అంది. నాకు మాత్రం ఆసక్తి కలిగింది. ఫిన్నిష్‌లో ‘పెద్ద ఇంట్లో’ అనాలంటే ‘ఇసొస్స తలొస్స’ అంటారు. విశేషణానికీ విభక్తి తగిలించాల్సిందే. వాడు ఆ పద్ధతినే తెలుగులోకి దింపాడు. ఎస్టోనియన్‌లోనూ అంతే, ‘సూరెస్ మయస్’ అని రెండు మాటలకూ ‘స్’ వస్తుంది. అదే ‘పెద్ద ఇంటితో’ అనాలంటే ‘సూరె మయగ’. ‘గ’ చివరి మాటకే పరిమితం. నిన్నమొన్నటి దాకా విడిగా తిరిగిన మాట కదా, పాత ప్రత్యయాలకున్న మర్యాదలు దానికింకా అబ్బలేదు.

ఆ పాతవాటి లోపలా మరో అతుకుంది. ‘లో’ అనే అర్థమిచ్చే ఫిన్నిష్ ‘స్స’ ఒకప్పుడు ‘స్’, ‘న’ అనే రెండు ముక్కలు. ‘న’ ఒక్కటే చోటును చెప్పిన కాలం అంతకు ముందుది. ఇప్పుడు ‘న’ చేరిస్తే ‘టీచరుగా’ అన్నట్టు ‘గా’ అర్థం వస్తుంది. కొన్ని మాటల్లో మాత్రం పాత అర్థమే నిలిచింది. వాటిలో ఒకటి ‘కొతొన’, అంటే ఇంటి దగ్గర. భాష అంతా మారినా ఇల్లు మారలేదన్నమాట!

ఇప్పుడు ఫిన్లాండు కుర్రకారు ‘కన్‌స్స’ను కూడా ‘కా’ అనేస్తోంది. ‘నాతో’ అనడానికి ‘మున్ కా’. రాతలో ఒప్పుకోరు గానీ మాటల్లో అది దొర్లిపోతూనే ఉంటుంది. మా కోడలి బెంగ వేరు. వాడు తెలుగు మధ్యలోనూ ‘మున్ కా రా’ అంటున్నాడట. అరిగిన మాట భాషలోనే ఉంటుంది. ఇక్కడ ‘తో’ అరగలేదు, దాని చోటులో వేరే మాట వచ్చి కూర్చుంది. ఆ బెంగ నాకూ లేకపోలేదు.

అందుకే ఆదివారాలు ఫోన్లో ఓ ఒప్పందం పెట్టుకున్నాం. వాడు నాకో ఫిన్నిష్ విభక్తి నేర్పాలి, నేను వాడికో తెలుగు విభక్తి చెప్పాలి. పోయిన వారం నా వంతు ‘తో’. ‘‘తాతయ్యా, నాతో ఆడుకోవడానికి ఎప్పుడొస్తావ్?’’ అని వాక్యం కట్టి చూపించాడు.