ప్లేటు నిలబడే కొలత

మా నారాయణపేటలో వడ్రంగికి మొదటి బడి మగ్గం. ఒకే పడుగు మీద ఎనిమిది చీరలు వరసగా నేసే ఊరు ఇది. అంత పొడుగు పడుగును బిగువు సడలకుండా పట్టి ఉంచే చట్రంలో పనికిరాని కట్టె ఒక్కటి ఉండదు. కాలికి తగిలేదైనా, నూలును గీరేదైనా, నాడెకు అడ్డమొచ్చేదైనా నేతగాడు వెంటనే తీసేయమంటాడు. మా నాయన దగ్గర నేను కుసి తీయడం, బెజ్జం తొలవడం నేర్చుకున్నది ఆ చట్రాల మీదే. ఇప్పుడు నా చేతిలో ఎక్కువగా ఉండేది గ్రామఫోను ప్లేట్ల అరలు, ప్లేయరు పెట్టుకునే బల్లలు. నగిషీ లేని, సన్నని, తేటగా కనిపించే సామాను. పట్నంలో దీన్ని కొత్త ఫ్యాషన్ అనుకుంటున్నారు కానీ, నేను చేస్తున్నది మగ్గం పనికి కొనసాగింపే.

మాది కర్ణాటక సరిహద్దు. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగూ బజారులో వినిపిస్తాయి. పాత ఇళ్ళ అటకల మీద దొరికే ప్లేట్లూ అట్లాగే ఉంటాయి: ఘంటసాల పక్కన బాలగంధర్వ, ఆ పక్కన కవ్వాలీలు. వాటిని దింపి, దుమ్ము తుడిచి, మళ్ళీ వినాలనుకునేవాళ్ళు నా దగ్గరికి వస్తున్నారు. రిటైరైన పంతులుగారు ఒకరు కూర్చోకముందే చెప్పేశారు: “పువ్వులు, తీగలు ఏం చెక్కకు మేస్త్రీ. ప్లేటు సక్కగ నిలబడాలె. చెయ్యి పెడితే దొరకాలె. అంతే.” ఆ రెండు షరతులు నెరవేరిస్తే డిజైను దానంతటదే వచ్చేస్తుంది.

ఎల్పీ ప్లేటు అడ్డం 12 అంగుళాలు. అట్టతో కలిపితే సుమారు 31.5 సెంటీమీటర్లు. అర లోపల 33 పెడతాను, వేళ్ళు దూరడానికి ఆ కాస్త ఖాళీ చాలు. నిమిషానికి తిరిగే చుట్లను బట్టి పేరు పెట్టిన పాత 78 ప్లేట్లు ఎక్కువగా 10 అంగుళాలవి, చిన్న 45లు 7 అంగుళాలవి. వీటిని ఎల్పీల మధ్య వేస్తే లోపలికి పోయి కంటికి ఆనవు, కాబట్టి వాటి అరలు వాటికే. ఇక చాలామంది ఊహించనిది బరువు. ఎల్పీ ఒక్కటి చేతిలో ఏమీ అనిపించదు. మీటరు పొడుగున కిక్కిరిసి నిలబెడితే 50 కిలోలు దాటుతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డును ఆధారం లేకుండా మీటరు వెడల్పున వేస్తే, ఆ బరువుకు కొన్నాళ్ళకే నడుమ కుంగుతుంది. కుంగిన అరలో ప్లేట్లు ఒకదాని మీద ఒకటి వాలతాయి, వాలినవి వంగుతాయి, వంగిన ప్లేటు మీద ముల్లు ఎక్కుతూ దిగుతూ ఉంటే గాయకుడి గొంతు ఊగిపోతుంది. అందుకే ప్రతి 33 సెంటీమీటర్లకు ఒక నిలువు పలక. పై బరువు మోసేదీ, ప్లేట్లను వాలనివ్వనిదీ ఆ ఒక్క కట్టే.

ఈ 33 కొలత నా ఒక్కడిదే కాదు. స్వీడన్ సామాను కంపెనీ ఐకియా మన దేశంలో తన మొదటి దుకాణాన్ని 2018 ఆగస్టులో హైదరాబాదులో తెరిచింది. వాళ్ళ కల్లాక్స్ గళ్ళ అరను ప్రపంచమంతటా ప్లేట్లు పోగేసేవాళ్ళు కొంటారు. టేపు పెట్టి చూస్తే ఆ గడి లోపల 33 సెంటీమీటర్లే. నాకు చాలా సంతోషమైంది. ప్లేటు కొలత అందరికీ ఒకటే కాబట్టి స్వీడన్‌వాళ్ళయినా పేటవాళ్ళయినా అక్కడికే రావాలి.

ప్లేయరు బల్ల అంతకన్నా కష్టం. ముల్లు చదివేది గాడిలో ఉన్న అతి సన్నని వంపులను. ఇంట్లో ఎవరైనా గట్టిగా నడిచినా, పక్కన స్పీకరు మోగినా ఆ అదురు బల్ల కాళ్ళ గుండా పైకి ఎక్కి ముల్లును తాకుతుంది. శబ్దం పెంచితే స్పీకరు అదురు ముల్లులోకి, ముల్లు నుంచి మళ్ళీ స్పీకరులోకి తిరుగుతూ గుయ్యిమని మోత పుడుతుంది. ఎవరు ఎంత బతిమాలినా ప్లేయరును, స్పీకర్లను ఒకే బల్ల మీదికి నేను రానివ్వను. కాళ్ళకు అడ్డకట్టె వేసి, బల్ల మీద తాండూరు బండ ఒకటి పరిచి, దాని కింద సైకిలు ట్యూబు ముక్కలు పెడతాను. బండ తన బరువుతో అదురును అణుస్తుంది, మిగిలినదాన్ని రబ్బరు తాగుతుంది. తాండూరు మాకు దూరం కాదు, ఇళ్ళలో నేలకు పరిచే రాయే కాబట్టి ఖర్చూ తక్కువే.

అదురుతో తంటా పెద్ద కంపెనీలకూ తప్పలేదు. జర్మనీలో బ్రాన్ కంపెనీ 1956లో ఎస్‌కే 4 అనే రేడియో ప్లేయరును తెచ్చింది. గీసినవాళ్ళు హన్స్ గూగెలో, డీటర్ రామ్స్. అంతకుముందు రేడియోగ్రాము అంటే వార్నీషు మెరుపుతో పెద్ద బీరువా అంత ఉండేది. వీళ్ళది తెల్లని రేకు పెట్టె, రెండు పక్కలా చెక్క పలకలు, పైన లోపలంతా కనిపించే మూత. మూతను కూడా మొదట రేకుతోనే చేద్దామనుకున్నారట. పాట మోగుతుంటే రేకు గడగడమన్నందుకు ప్లెక్సీగ్లాసు వేశారు. తర్వాత ఎన్నో కంపెనీలు ఆ మూతనే అనుసరించాయి. పాటకు అడ్డమొచ్చినదాన్ని తీసేస్తే మిగిలింది అందంగా ఉంది. రామ్స్ తాత వడ్రంగి అని తెలిసి ఆయన మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

నా పనికీ పాటకూ ఇంకా దగ్గరి చుట్టరికం లక్కతో ఉంది. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్క పురుగు పెట్టే జిగురు అది. దాన్ని శుద్ధి చేసిన రేకులను స్పిరిట్‌లో కరిగించి, దూదిని మెత్తని గుడ్డలో ఉండ కట్టి, పల్చగా పూత మీద పూత రుద్దితే టేకు లోపలి రేఖలు పైకి తేలతాయి. 78 ప్లేట్లు కూడా ఈ లక్కతోనే చేశారు. రాతి పొడి, మసి కలిపి, వేడి చేసి, అచ్చులో నొక్కేవాళ్ళు. 1908లో కలకత్తా సియాల్దాలో మొదలైన ఫ్యాక్టరీ, ఆ తర్వాత డమ్‌డమ్‌లో వచ్చినది దేశమంతటికీ పాటలు పంచాయి. అమెరికాలో కొలంబియా కంపెనీ 1948లో వినైల్ ఎల్పీని తెచ్చాకే లక్క వెనక్కి తగ్గింది. మన దగ్గర 1960లలో కూడా 78లు వచ్చాయి. నేను పూత పూసిన అరలో ఒక పాత పద్యనాటకం ప్లేటు పెట్టినప్పుడు రెండూ ఒకే జిగురు అన్న ఎరుక నాకు ప్రతిసారీ కొత్తగా ఉంటుంది.

అందుకే నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్తాను: 78 ప్లేటును స్పిరిట్‌తో తుడవకండి. నా పూతను కరిగించేది దాన్నీ కరిగిస్తుంది, గాడి పోతే పాట పోయినట్టే. పాలిష్ కొత్తగా వేసిన అర పూర్తిగా ఆరి, వాసన పోయేదాకా ప్లేట్లు సర్దకండి. వినైల్‌కు శత్రువు వేడి. మా పాలమూరు ఎండల్లో పడమటి గోడకు ఆనించి అర పెట్టమంటే నేను ఒప్పుకోను.

కట్టె విషయంలో నేను పాత టేకునే నమ్ముతాను. ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చే దూలాలు ఏనాడో ఆరి గట్టిపడినవి, కోసి చిత్రిక పట్టాక మెలి తిరగవు. సాదా సామానుకు ఇది తప్పనిసరి. నగిషీ ఉన్న బీరువాలో అతుకు కాస్త వదిలినా పట్టీ కొట్టి, లప్పం పెట్టి దాచేయవచ్చు. నున్నని పలకలో కుసి వెంట్రుకవాసి వదులైనా ఎవరికైనా కనిపిస్తుంది. “చెక్కడం లేదు గదా, కూలి తగ్గించు” అని అడుగుతారు. తగ్గించలేను. చెక్కడానికి పట్టే పొద్దు ఇక్కడ మూలమట్టం పెట్టి సరిచూడడానికి పడుతుంది.

తెలుగు పద్యాలు, తొలినాటి సినిమా పాటలు ఈనాడు వినగలుగుతున్నామంటే వి.ఎ.కె. రంగారావు గారి లాంటి సేకర్తలు ప్లేటు ప్లేటునూ కాపాడినందుకే. మీ ఇంట్లో అటక మీద ప్లేట్లు పడుకోబెట్టి ఉంటే ఎండాకాలం ముదరకముందే దింపండి. పైవాటి బరువుకు అడుగున ఉన్న 78లు పగులుతాయి. పొడి గుడ్డతో తుడిచి, నిలబెట్టి, కొలత తీసి మీ ఊరి వడ్రంగికి ఇవ్వండి. ఎల్పీలకైతే 33 సెంటీమీటర్లని రాసిస్తే చాలు, మిగిలింది అతనికి తెలుసు.